ఇల్లు మారుతున్నారా? విశాఖలో చిరునామా మార్పుపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆషాఢం దాటి శ్రావణం రాగానే విశాఖలో ట్రాలీ ఆటోలకు గిరాకీ మొదలవుతుంది. బడులు తెరిచే ముందు, అంటే మే నెలాఖరున, ఇంకో విడత ఉంటుంది. ఈ రెండు కాలాల్లోనూ మా కాలనీ సంక్షేమ సంఘాన్ని కొత్తగా వచ్చినవారు, ఖాళీ చేసి వెళ్లేవారు అడిగే సందేహాలు దాదాపు ఒక్కటే. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఇల్లు ఖాయమయ్యాక, సామాను కదలక ముందు

అసలు ఎవరెవరికి చెప్పాలి? జాబితా తలచుకుంటేనే నీరసం వస్తోంది.

అందరికీ ఒకేసారి చెప్పనక్కరలేదు. ఫలానా సంస్థ నుంచి ఒక ఉత్తరం పాత ఇంటికి వెళ్లి, మీకు అందకుండా పోయిందనుకోండి. దానివల్ల డబ్బు పోతుందా, చట్టపరమైన చిక్కు వస్తుందా, నెలనెలా అందేది ఆగుతుందా? మూడింటిలో ఏ ఒక్కటైనా అవుననిపిస్తే ఆ సంస్థకు ముందు చెప్పాలి. బ్యాంకు, క్రెడిట్ కార్డు, బీమా, ఆదాయపు పన్ను, వాహనం, ఓటు, గ్యాస్, పింఛను ఈ కోవలోకి వస్తాయి. పత్రికల చందాలు, దుకాణాల సభ్యత్వ కార్డులు తర్వాత చూసుకోవచ్చు.

జ్ఞాపకాన్ని నమ్ముకుని జాబితా రాయకండి. ఫోనులో, ఈమెయిల్‌లో గడిచిన ఏడాది సందేశాలు తిరగేయండి. ఏడాదికి ఒక్కసారి మాత్రమే పలకరించే బీమా సంస్థలు, బ్యాంకు లాకరు అద్దె లాంటివి అక్కడే దొరుకుతాయి. మరచిపోయేదీ వాటినే.

మేము అద్దెకుంటాం. ఏడాదికో రెండేళ్లకో ఇల్లు మారుతూనే ఉంటాం. ప్రతిసారీ ఆధార్ మార్చాలా?

మా అభిప్రాయం సూటిగా చెబుతాం: అవసరం లేదు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో సొంత ఇల్లు ఉండి, అక్కడ ఉత్తరం అందుకుని మీకు ఫోను చేసే మనిషి ఉంటే, ఆధార్‌లో ఆ చిరునామాను ఉండనివ్వండి. బ్యాంకు, బీమా, ఉద్యోగం చేసే సంస్థ, గ్యాస్ ఏజెన్సీ దగ్గర మాత్రం ప్రస్తుత చిరునామా ఇవ్వండి. చాలా దరఖాస్తుల్లో శాశ్వత చిరునామా, ప్రస్తుత చిరునామా అని రెండు గళ్లు వేరుగా ఉండేది ఇందుకే.

అయితే ఊళ్లో ఇక ఎవరూ లేకపోయినా, కొత్త ఇంట్లో కనీసం నాలుగైదేళ్లు ఉండబోతున్నా ఆధార్ మార్చుకోవడమే మేలు.

ఇంటి యజమాని అద్దె ఒప్పందం రాసివ్వనంటున్నారు. చిరునామా రుజువు ఎలా?

పన్ను భయంతోనో, ఇల్లు ఖాళీ చేయరన్న భయంతోనో కొందరు యజమానులు రాతకోతలకు ఒప్పుకోరు. ఒప్పందం స్వల్పకాలానిదే అయితే వారి భయం తగ్గుతుంది. చాలామంది పదకొండు నెలలకే రాసుకోవడం వాడుక. ఈ సంగతి వివరిస్తే, స్టాంపు కాగితంపై పదకొండు నెలల ఒప్పందానికి చాలామంది దిగివస్తారు. అడగాల్సింది అడ్వాన్సు చేతికిచ్చే ముందే. ఇచ్చాక మీ మాటకు బలం తగ్గుతుంది.

అప్పటికీ కుదరకపోతే మీ పేరిట ఇంటర్నెట్ లేదా ల్యాండ్‌లైన్ కనెక్షన్ తీసుకోండి. ఆ బిల్లు మీ పేరు మీద, కొత్త చిరునామాతో వస్తుంది. కరెంటు బిల్లు యజమాని పేరున ఉంటుంది కనుక, అదొక్కటే చూపితే మీరు అక్కడ ఉంటున్నట్టు రుజువు కాదు. ఆధార్ విషయంలో ఇంకో దారి ఉంది. తహసీల్దారు, శాసనసభ్యుడు వంటివారు ఆధార్ సంస్థ నిర్ణయించిన నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం కూడా చెల్లుతుంది.

కొత్త ఇంటికి డోర్ నంబరొకటి, ప్లాట్ నంబరొకటి ఉన్నాయి. ఏది రాయాలి?

రెండూ రాయండి, కానీ ముందు డోర్ నంబరు. మహా విశాఖ నగరపాలక సంస్థ ఆస్తి పన్ను రసీదులో ఉన్న నంబరే ప్రమాణం. యజమానిని అడిగి ఆ రసీదు ఫొటో తీసుకోండి. పాత వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్లలో ఎల్‌ఐజీ, ఎంఐజీ అనే ఇళ్ల తరగతుల నంబర్లు వాడుకలో ఉంటాయి. వుడా 2018లో వీఎంఆర్‌డీఏగా మారినా ఆ నంబర్లు జనం నోట అలాగే ఉన్నాయి. పోస్టుమ్యాన్‌కు అవి పనికొస్తాయి కనుక వదిలేయకుండా రెండో వరుసలో చేర్చండి. ఎంవీపీ కాలనీ అయితే సెక్టారు సంఖ్య తప్పనిసరి.

పిన్‌కోడ్ విషయంలో ఊహకు చోటివ్వకండి. ఎంవీపీ కాలనీది 530017, గాజువాకది 530026. పక్కపక్క వీధులకు వేర్వేరు పిన్‌కోడ్‌లు ఉండే చోట్లూ ఉన్నాయి, అందుకే పక్కింటివారికి వచ్చిన ఏదైనా ఉత్తరం చూసి సరిపోల్చుకోండి. ఆ తర్వాత చిరునామాను ఒకే రూపంలో రాసి ఫోనులో దాచుకోండి. ఒకచోట ‘వైజాగ్’, ఇంకోచోట ‘విశాఖపట్నం’, మరోచోట ఫ్లాట్ నంబరు లేకుండా ఇస్తే, తర్వాత పత్రాలు సరిపోల్చేటప్పుడు అవస్థ మీదే.

గ్యాస్ కనెక్షన్ ముందే మార్చుకోవాలా? సిలిండరు తిరిగి ఇచ్చేయాలా?

ఇది వెళ్లే చోటును బట్టి ఉంటుంది. కొత్త ఇల్లు కూడా అదే ఏజెన్సీ పరిధిలో ఉంటే చిరునామా మార్పిస్తే చాలు. గోపాలపట్నం నుంచి మధురవాడకు వెళ్తున్నట్టు నగరంలోనే వేరే ఏజెన్సీ కిందికి వెళ్తుంటే, పాత ఏజెన్సీ బదిలీ పత్రం ఇస్తుంది. సిలిండరు, రెగ్యులేటరు మీతోనే తీసుకెళ్లవచ్చు. వేరే ఊరికి వెళ్తుంటే సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, ముగింపు పత్రం తీసుకోవాలి. కొత్త ఊళ్లో ఆ పత్రం చూపిస్తే కనెక్షన్ మళ్లీ ఇస్తారు. పొయ్యి మీ సొంతం, దాన్ని ఎవరికీ ఇవ్వనక్కరలేదు.

ఒక మెలిక ఉంది. తిరిగి వచ్చే డిపాజిట్ మీరు ఎప్పుడో కట్టినంతే. కొత్తచోట కట్టేది నేటి రేటు. ఇరవై ఏళ్ల నాటి కనెక్షన్ అయితే తేడా బాగానే కనిపిస్తుంది. అది ఏజెన్సీ మోసం కాదు, నియమమే అంత. మొదటి రోజు ఇచ్చిన డిపాజిట్ పత్రం ఎక్కడుందో సామాను కట్టకముందే వెతికిపెట్టుకోండి.

కరెంటు మీటరు మా పేరు మీద లేదు. ఈపీడీసీఎల్‌కు మేము చెప్పాల్సింది ఏమైనా ఉందా?

సర్వీసు నంబరు ఇంటికి చెందినది, అద్దెకున్నవారితో పాటు కదలదు. పేరు మార్పు ఇల్లు కొన్నవారికే అవసరం. మీరు చేయాల్సినవి రెండే. తాళం అప్పగించే రోజు పాత ఇంటి మీటరు రీడింగును, కొత్త ఇంట్లో దిగే రోజు అక్కడి రీడింగును ఫొటో తీయండి. పాత సర్వీసుకు మీ ఫోను నంబరు జత చేసి ఉంటే తీయించండి, లేకపోతే మీ తర్వాత వచ్చినవారి బిల్లు సందేశాలు మీకే వస్తూ ఉంటాయి. విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912.

## మారిన మొదటి రోజుల్లో

పాత చిరునామాకు వచ్చే ఉత్తరాలను పోస్టాఫీసు కొత్త ఇంటికి పంపుతుందా?

పంపుతుంది. పాత ఇంటికి బట్వాడా చేసే పోస్టాఫీసులో, పోస్టుమాస్టరు పేరిట రాతపూర్వకంగా కోరాలి. ఇంట్లో ఎవరెవరి పేర్ల మీద ఉత్తరాలు వస్తాయో అందరి పేర్లూ రాయండి. ఇది కొంతకాలానికే పనిచేసే ఏర్పాటు, పైగా కొరియర్లకు వర్తించదు. నిజం చెప్పాలంటే దీనికంటే ఎక్కువ పనిచేసేది పాత అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌తో మంచి మాట. వెళ్లేటప్పుడు ఫోను నంబరిచ్చి, చేతిలో ఏదో కొంత పెట్టండి.

ఆధార్‌లో చిరునామా మార్చడానికి కేంద్రానికి వెళ్లాల్సిందేనా?

మీ ఫోను నంబరు ఆధార్‌కు అనుసంధానమై ఉంటే ఇంటి నుంచే చేయవచ్చు. మై ఆధార్ పోర్టల్‌లో ఓటీపీతో ప్రవేశించి, మీ పేరున్న రుజువు పత్రాన్ని స్కాన్ చేసి జతపరచాలి. 2025 అక్టోబర్ నుంచి రుసుము 75 రూపాయలు. కరెంటు, నీటి, గ్యాస్ బిల్లుల వంటివి ఇచ్చేట్టయితే మూడు నెలల లోపువై ఉండాలి. దరఖాస్తు చేయగానే వచ్చే సేవా అభ్యర్థన సంఖ్యను రాసిపెట్టుకోండి. ఫోను నంబరు అనుసంధానం కాకపోతే మాత్రం కేంద్రానికి వెళ్లక తప్పదు. ఆధార్ సంఖ్య మారదు. సందేహాలకు 1947.

పాత చిరునామా ఎప్పుడైనా చూపాల్సి వస్తే అదే పోర్టల్‌లో ‘ఆధార్ మార్పుల చరిత్ర’ దొరుకుతుంది. చాలామందికి ఈ సదుపాయం ఉన్నట్టే తెలియదు.

బిల్లులన్నీ మా ఆయన పేరు మీదే ఉన్నాయి. నా ఆధార్, అత్తగారి ఆధార్ ఎలా మార్చాలి?

2023 జనవరి నుంచి కుటుంబ పెద్ద సమ్మతితో చిరునామా మార్చుకునే పద్ధతి ఉంది. ముందు ఆయన ఆధార్‌లో కొత్త చిరునామా చేరాలి. తర్వాత మీ దరఖాస్తులో ఆయన ఆధార్ సంఖ్య ఇచ్చి, బంధుత్వాన్ని చూపే పత్రం జతపరచాలి. ఆయన 30 రోజుల్లోగా పోర్టల్‌లో సమ్మతి తెలపాలి. గడువు దాటితే దరఖాస్తు మూసేస్తారు, కట్టిన రుసుము తిరిగి రాదు. సముద్రం మీద ఉద్యోగం చేసేవారి ఇళ్లలో, మన ఊళ్లో అలాంటివారు తక్కువేమీ కాదు, ఆయన ఒడ్డున ఉన్న రోజుల్లోనే ఈ పని పెట్టుకోండి.

ఆధార్ మారింది కదా, బ్యాంకు, పాన్ అన్నీ వాటంతట అవే మారవా?

మారవు. ఈ అపోహ వల్ల నష్టపోయినవారే ఎక్కువ. ఆధార్ కొత్త రుజువుగా మాత్రమే ఉపయోగపడుతుంది. దాన్ని తీసుకెళ్లి ప్రతిచోటా చూపడం మీ పనే. కాస్త ఊరటనిచ్చేది మ్యూచువల్ ఫండ్ల విషయం. అక్కడ కేవైసీ (ఖాతాదారు గుర్తింపు వివరాల) నమోదు సంస్థలో ఒకసారి మారిస్తే, మీకున్న ఫండ్లన్నింటికీ ఆ చిరునామా చేరుతుంది.

బ్యాంకులో చిరునామా మార్చడమంటే శాఖ కూడా మార్చుకోవాలా?

అక్కరలేదు, రెండూ వేర్వేరు. వివరాలు మారినప్పుడు 30 రోజుల్లోగా బ్యాంకుకు తెలపాలని రిజర్వు బ్యాంకు కేవైసీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆధార్‌లో వేరే చిరునామా ఉన్నా, ప్రస్తుత నివాసం ఫలానా అని స్వీయ ధ్రువీకరణ ఇచ్చే వీలుంది. కౌంటర్లో వద్దంటే ఈ సంగతి మర్యాదగా గుర్తుచేయండి.

శాఖ మార్చుకుంటే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారుతుంది. జీతం, పింఛను, బీమా వాయిదాలు వెళ్లే చోట్ల ఆ కొత్త కోడ్ ఇచ్చుకుంటూ తిరగాలి. ఫోనులోనే అన్నీ జరిగే కాలంలో ఆ శ్రమ దేనికన్నది మా ప్రశ్న. లాకరు ఉంటే మాత్రం ఆలోచించండి. లాకరు అద్దె బాకీపడితే నోటీసు వచ్చేది రికార్డులో ఉన్న చిరునామాకే. క్రెడిట్ కార్డు విభాగానికి విడిగా చెప్పాలి, పొదుపు ఖాతాలో మార్చినంత మాత్రాన కొన్ని బ్యాంకుల్లో కార్డుకు మారదు. కాలం తీరిన కార్డుకు బదులు కొత్త కార్డు పాత ఇంటికి వెళ్లడం మామూలుగా వినే కథే.

ఆన్‌లైన్‌లో కొన్నవి పాత ఇంటికే వెళ్తున్నాయి. ఎందుకు?

కొత్త చిరునామా చేర్చారు, పాతది తొలగించలేదు. తొలగించండి. మందులు, కిరాణా, భోజనం తెప్పించే యాప్‌లలో కూడా చూడండి.

## మొదటి నెలలో

బండి ఆర్సీలో చిరునామా మార్చకపోతే ఏమవుతుంది?

నివాసం మారిన 30 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టం 1988లోని 49వ సెక్షన్ చెబుతోంది. చలానా నోటీసు పాత ఇంటికి వెళ్లి, మీకు తెలియకుండానే బాకీలు పేరుకుపోతాయి. ప్రమాదం జరిగితే బీమా కాగితాల్లో ఒకటి, ఆర్సీలో మరొకటి ఉండటం అనవసర ప్రశ్నలకు దారితీస్తుంది. వాహన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టవచ్చు. బండి అప్పు మీద ఉంటే అప్పిచ్చిన సంస్థ సమ్మతి కావాలి. బీమా సంస్థకు విడిగా చెప్పి పాలసీలో చేర్పించాలి. లైసెన్సు మార్పు సారథి పోర్టల్‌లో, అది వేరే దరఖాస్తు.

బండి నంబరు మీద ఉన్న ఏపీ 31 అలాగే ఉంటుంది. రాష్ట్రం లోపల ఎక్కడికి మారినా నంబరు మార్చరు.

హైదరాబాద్ నుంచి వచ్చాం. టీఎస్ నంబరు బండితో ఎన్నాళ్లు తిరగవచ్చు?

వేరే రాష్ట్రంలో రిజిస్టరైన వాహనం ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంటే, ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు తెలంగాణలోని పాత కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి, ఇక్కడ జీవిత పన్ను కట్టాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరవచ్చు. ఏడాదిలోపు తిరిగి వెళ్లేవారు ఈ తంటా పెట్టుకోనక్కరలేదు, కానీ వచ్చిన తేదీని చూపే కాగితాలు బండిలో ఉంచుకోండి.

ఓటు మార్చుకోవడానికి ఏ ఫారం? కొందరు 6 అంటారు, కొందరు 8 అంటారు.

ఫారం 8. ఇంతకుముందు వేరే నియోజకవర్గానికి మారితే ఫారం 6 వేసేవారు, ఆ అలవాటు ఇంకా పోలేదు. 2022 ఆగస్టు నుంచి నియోజకవర్గం లోపల మారినా, బయటికి మారినా ఫారం 8 ఒక్కటే. ఫారం 6 కొత్త ఓటరుకు మాత్రమే. ఓటరు కార్డు ఉండీ ఫారం 6 వేస్తే రెండు చోట్ల పేరు పడుతుంది, తెలిసి అబద్ధపు ప్రకటన చేయడం శిక్షార్హం.

విశాఖలో నాలుగు వీధులు దాటితే నియోజకవర్గం మారిపోవచ్చు. ఎంవీపీ కాలనీ తూర్పులో ఉంటే మధురవాడ భీమిలిలో ఉంది. కాబట్టి ‘ఊళ్లోనే కదా మారాం’ అని ఊరుకోకండి. వివరాలకు 1950, లేదా మీ పోలింగ్ కేంద్రం బూత్ స్థాయి అధికారి.

సొంత ఊళ్లో ఇల్లుంది, ఓటు అక్కడే ఉంచుకోవచ్చా?

ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ ఊరి వారైపోరు. సాధారణంగా నివసించే చోటే ఓటు ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 1950 చెబుతోంది. సొంత ఇల్లు ఉందన్న ఒక్క కారణం సరిపోదని అందులోని 20వ సెక్షన్ స్పష్టంగానే రాసింది. సంక్రాంతికి వెళ్లివచ్చే ఊరు మనసుకు దగ్గరే కావచ్చు, కానీ చట్టం దృష్టిలో మీరు ఏడాదంతా ఉండే విశాఖే మీ నివాసం.

రేషను కార్డు, అమ్మ పింఛను ఏమవుతాయి?

బియ్యం గురించి ఆందోళన వద్దు. 2025 జూన్ నుంచి మళ్లీ చౌక ధరల దుకాణాల్లోనే ఇస్తున్నారు, కార్డుదారులు దగ్గరలోని వేరే దుకాణంలో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. పింఛను అలా కాదు. ఎన్టీఆర్ భరోసా పింఛను నెల మొదటి తేదీన సచివాలయ సిబ్బంది ఇంటికి తెచ్చి ఇస్తారు కనుక, మనిషి అక్కడ లేకపోతే ఇబ్బంది. కొత్త వార్డు సచివాలయం వివరాలు తీసుకుని బదిలీకి దరఖాస్తు పెట్టండి. బదిలీ పూర్తయ్యేదాకా ఒకటో తేదీకి అమ్మగారిని పాత ఇంటి దగ్గరికి తీసుకెళ్లడమే క్షేమం.

## తీరిగ్గా చేసుకోదగినవి

పాస్‌పోర్టులో పాత చిరునామా ఉంది. వచ్చే నెల ప్రయాణం. ఆగిపోతుందా?

ఆగదు. చిరునామా పాతదైనంత మాత్రాన పాస్‌పోర్టు చెల్లకుండా పోదు. చిరునామా మార్పు అంటే ఉన్న పుస్తకంలో దిద్దడం కాదు, కొత్త పుస్తకం తీసుకోవడం. 36 పేజీల దానికి సాధారణ రుసుము 1500 రూపాయలు, కొత్త ఇంటికి పోలీసు విచారణ కూడా రావచ్చు. ప్రయాణం ముంగిట ఆ పని తలపెట్టకండి, వచ్చాక చూసుకోవచ్చు.

పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కదా, ఎందుకు మార్చాలి?

కార్డు మీద ఉండదు, శాఖ రికార్డులో ఉంటుంది. ఆధార్ ఆధారంగా ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చు. ఆదాయపు పన్ను పోర్టల్‌లోని మీ ప్రొఫైల్‌లో కూడా చిరునామా, ఈమెయిల్, ఫోను సరిచూసుకోండి.

ఇంటి నుంచే చిన్న వ్యాపారం. జీఎస్టీ నమోదు ఉంది.

ఇది తీరిగ్గా చేసే పని కాదు. వ్యాపార స్థలం మారిన 15 రోజుల్లోగా పోర్టల్‌లో సవరణకు దరఖాస్తు చేయాలి. పచ్చళ్లు, పిండివంటల వ్యాపారమైతే ఆహార భద్రత నమోదులో కూడా మార్పించాలి.

## చిక్కు ప్రశ్నలు

ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేస్తున్నాం, పదవీ విరమణ. మాకు ప్రత్యేకంగా ఏమైనా ఉందా?

ఉంది. స్టీల్‌ప్లాంటు, పోర్టు, రైల్వే క్వార్టర్లలో దశాబ్దాలు ఉన్నవారికి సగం చిరునామా సంస్థే. సెక్టారు, క్వార్టరు నంబరు రాస్తే ఉత్తరం వచ్చేది, రాకపోయినా ఆఫీసులో ఎవరో ఒకరు తెచ్చిచ్చేవారు. విరమణ తర్వాత ఆ దారి మూసుకుపోతుంది, క్వార్టరు ఇంకొకరికి వెళ్తుంది. అందుకే తాళం అప్పగించకముందే ఉద్యోగ విభాగంలో, వైద్య కార్డుల విభాగంలో, పరపతి సంఘంలో రాతపూర్వకంగా కొత్త చిరునామా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆఫీసు ఈమెయిల్‌తో ముడిపెట్టిన ఖాతాలుంటే సొంత ఈమెయిల్‌కు మార్చండి. ఇది చిరునామా మార్పు కాదనిపించవచ్చు, కానీ ఓటీపీ అక్కడికి వెళ్లి ఆగిపోతే మిగతా మార్పులేవీ ముందుకు సాగవు.

ఊరు వెళ్లి స్థిరపడేవారికి ఒక సౌకర్యం ఉంది. 2025 జనవరి నుంచి ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) పింఛనును దేశంలో ఏ బ్యాంకు శాఖ నుంచైనా తీసుకోవచ్చు, పింఛను పత్రాన్ని ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి బదిలీ చేయించనక్కరలేదు.

మేము ఇల్లు మారలేదు, జిల్లాయే మారింది. పరవాడలో ఉంటాం. అన్నీ మార్చుకోవాలా?

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పరవాడ, సబ్బవరం వంటివి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. అందుకోసం పనిగట్టుకుని పత్రాలన్నీ మార్చనక్కరలేదు. ఇంకేదైనా కారణంతో ఒక పత్రాన్ని సవరించినప్పుడు జిల్లా పేరు కూడా సరిచేయించండి. పిన్‌కోడ్ మాత్రం పాతదే రాయండి.

కోర్టులో కేసు నడుస్తోంది. వాళ్లకు కూడా చెప్పాలా?

ముందుగా చెప్పాల్సింది వాళ్లకే. మీ న్యాయవాదికి రాతపూర్వకంగా ఇచ్చి, చిరునామా మార్పును కోర్టులో దాఖలు చేయించండి. సివిల్ కేసుల్లో కక్షిదారు తన చిరునామాను నమోదు చేయాలి, మారితే తెలపాలి. కోర్టు పంపే నోటీసులు రికార్డులో ఉన్న ఆ చిరునామాకే వెళ్తాయి. ‘నాకు అందలేదు’ అన్న మాట అప్పుడు పనికిరాదు.

‘మీ చిరునామా అసంపూర్తిగా ఉంది, పార్సిల్ ఆగిపోయింది’ అని సందేశం వచ్చింది. లింకు నొక్కాలా?

నొక్కకండి. ఇల్లు మారిన రోజుల్లో ఇలాంటి సందేశం నిజమేననిపించడం సహజం, మోసగాళ్లకు కావలసిందీ అదే. తపాలా శాఖ పేరుతో కూడా ఇవి వస్తున్నాయి. చిరునామా సరిచేయడానికి కొద్దిపాటి రుసుమంటూ కార్డు వివరాలు అడుగుతారు, లేదా ఒక యాప్ దించుకోమంటారు. నిజంగా పార్సిల్ ఉంటే దాని సంఖ్యను మీరే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

మా కొత్త ఇంటికి పాత అద్దెదారు పేరున బ్యాంకు ఉత్తరాలు వస్తున్నాయి. ఏం చేయాలి?

తెరవకండి. కవరు మీద ‘చిరునామాదారు ఇక్కడ లేరు’ అని రాసి పోస్టుమ్యాన్‌కు తిరిగి ఇవ్వండి. రెండు మూడుసార్లు వెనక్కి వెళ్తే పంపినవారికే తెలుస్తుంది. అప్పుల వసూలుకు మనుషులు వస్తే మీ అద్దె ఒప్పందం చూపండి, పాత వ్యక్తి ఫోను నంబరు ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదు. యజమానికి ఒక మాట చెప్పి ఉంచండి, ఆయన దగ్గర ఆ కుటుంబం నంబరు ఉంటే ఆయనే కబురు పెడతారు.